వేలి కణుపుల లెక్క

మా ఎదురింటి పెద్దమ్మ తిథులన్నీ వేలి కణుపుల మీదే లెక్కపెట్టేది. నరసరావుపేటలో ఇంట్లో కూర్చుని, యూదుల తేదీలను ఇంగ్లీషు తేదీలుగా మార్చే ప్రోగ్రాం రాసే నాకు అది నవ్వులాటగా ఉండేది.

ఆమె భర్త, పెదనాన్న, పోయింది దశమినాడని ఆమె అంటే, ఆయన పోయిన ఇంగ్లీషు తేదీ ఫోనులో కొట్టి నవమి అన్నాను.

“చదువుకున్నోడివి, నీ లెక్కే నిజమయ్యుంటది,” అని నవమికే తద్దినం పెట్టించింది.

యూదులూ పోయినవాళ్ల రోజు ఏటా పాటిస్తారు; వాళ్లకు పొద్దుగూకితే తేదీ మారుతుంది. అందుకే మనిషి పోయింది పొద్దుగూకక ముందా, తర్వాతా అని నా ప్రోగ్రాం అడగాలి. ఆ ప్రశ్న రాసిన రోజే పెద్దమ్మనూ అడిగాను.

“దీపాలు పెట్టినాక. ఏంది నాయనా, ఇప్పుడడుగుతున్నావు?”

మళ్లీ చూస్తే, ఫోను చెప్పిన నవమి పొద్దుటిది; ఆ సాయంత్రానికే దశమి వచ్చేసింది. ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఊరికేలే అన్నాను.

ఈ ఏడు పెద్దమ్మ మళ్లీ వచ్చింది. చేతులు కొంగులో ఉన్నాయి.

“తద్దినం ఎప్పుడో ఫోనులో చూడయ్యా. నా లెక్కలు తప్పుతున్నయ్యి.”