దీపం అప్పజెప్పే పత్తా

"అక్కా, టీచరమ్మ దీపం అప్పజెప్పింది."

ఫోన్లో మా ఊరి హెడ్ కానిస్టేబుల్ గొంతు అంతవరకే పలికింది. పోయిందనో, చనిపోయిందనో అతను అనలేదు. అనాల్సిన పనీ లేదు. మా ఇల్లందులో ఆ మాటకు అర్థం తెలియనివాళ్ళు తక్కువ. ఆ మాటను మాకు ఇచ్చిన మనిషే ఆ మధ్యాహ్నం అన్నం తిని, కాసేపు నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. నేను నా డీటీపీ సెంటర్లో పెళ్ళి కార్డు కంపోజ్ చేస్తున్నాను. కంప్యూటర్ ఆపి, షట్టర్ దించి, రోడ్డు మీదే నిలబడి ఏడ్చాను.

ఆవిడను చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. హైస్కూల్లో మాకు డ్రాయింగ్ టీచర్. పొట్టి మనిషి, పెద్ద గొంతు. చేతిలో గొడుగు, కొంగు చివర ఎప్పుడూ ఏదో ఒక రంగు మరక. ఎవరింటికి వెళ్ళినా గోడ మీది క్యాలెండర్ బొమ్మకు వంక పెట్టందే మంచినీళ్ళు తాగేది కాదు. "గీ నెమలికి మెడ ఏడికెళ్లి మొలిచిందే?" అనేది. క్లాసులో మేము ఎంత వంకరగా గీసినా ఏమీ అనేది కాదు గానీ, చెయ్యి ఆగితే మాత్రం ఊరుకునేది కాదు. "గీత వణికితే వణకనియ్ పిల్లా, ఆపకు" అనేది. ఇప్పటికీ మౌస్ పట్టుకున్నప్పుడు ఆ మాట నా చెవిలో ఉంటుంది.

వార్షికోత్సవానికి తెరలు, సైన్స్ ఫెయిర్‌కు అట్టలు, ఇన్‌స్పెక్షన్‌కు గోడలు, అన్నీ ఆవిడ చేతి మీదుగానే జరిగేవి. పేరు మాత్రం ఎక్కడా ఉండేది కాదు. రిటైరైన రోజు శాలువా కప్పి మైకు ఇస్తే, "నా చేతి బొమ్మ పదిమంది చేతులల్ల ఆడాలె. గది జూసేదాక నేను పోను" అని అందరి ముందూ ప్రకటించింది. మేము చప్పట్లు కొట్టి టిఫిను ప్లేట్ల వైపు నడిచాం. ఆవిడ ఆ మాట నిజంగానే అన్నదని మాకు అప్పుడు తెలియదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు హైదరాబాదులో ఒక పెళ్ళికి వెళ్ళి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య నుంచి ఒక టారో కట్ట కొనుక్కొచ్చింది. బొమ్మల ముక్కలు పరిచి భవిష్యత్తు చెప్పే పద్ధతి అది, విదేశాలది. నా బల్ల మీద పరిచింది. రాజులు, కోటలు, కత్తులు, గుర్రమెక్కిన అస్థిపంజరం.

"బొమ్మలు మంచిగనే ఉన్నయ్. కానీ మన దిక్కు ఈ కోటలేడున్నయే? మన పత్తాలు మనం గీసుకుందాం" అంది.

"ఎవరు కొంటరు టీచర్?"

"ముందు గీద్దాం. కొనేటోళ్ళు వాళ్ళే వస్తరు."

పేరు కూడా అప్పుడే పెట్టేసింది. మా దగ్గర పేకముక్కను పత్తా అంటాం. ఉర్దూలో పత్తా అంటే ఆకు. మనిషి ఎటు పోయాడో తెలియకపోతే 'పత్తా లేడు' అంటాం. "ఆకు, ముక్క, ఆచూకీ. మూడు ఒక్క మాటల్నే ఉన్నయ్. ఇగ వేరే పేరెందుకు?" అని తేల్చేసింది. డబ్బా మీద 'అడవి పత్తాలు' అని నేనే కంపోజ్ చేశాను.

సూర్యుడి బొమ్మకు బదులు బీడీలు చుట్టే తునికాకు కట్టలు ఆరబెట్టిన కల్లం వచ్చింది. చంద్రుడికి, వెన్నెట్లో ఇప్పపూలు ఏరే ఆడవాళ్ళు. అదృష్ట చక్రానికి గని మీద తిరిగే పెద్ద చక్రం. కోట కూలే బొమ్మకు గోదారి వరద. చక్రవర్తి ఎవరని అడిగితే బస్సు కండక్టర్ని గీసింది. "ఎక్కుమంటే ఎక్కాలె, దిగుమంటే దిగాలె. గంతకన్న రాజెవడు?" అంది. ఆ బొమ్మ స్క్రీన్ మీద చూసినప్పుడల్లా మేమిద్దరం పగలబడి నవ్వేవాళ్ళం.

చిక్కంతా అస్థిపంజరం దగ్గర వచ్చింది. చావు పత్తా. తీసేద్దామని నేను, కుదరదని ఆవిడ. చివరికి ఒక ఉదయం గీసుకొచ్చి నా ముందు పెట్టింది. గని నుంచి పైకొచ్చిన కార్మికుడు వెనక్కి తిరిగి ఉన్నాడు, ముఖం కనపడదు. షిఫ్టు దిగినవాళ్ళు దీపాలు తిరిగిచ్చే లాంప్‌రూము కిటికీలోంచి రెండు చేతులు బయటికి వచ్చాయి. అతను తల మీది దీపం, నడుముకు కట్టిన దాని బ్యాటరీ తీసి ఆ చేతుల్లో పెడుతున్నాడు. అంతే.

వాళ్ళ నాన్న గని కార్మికుడు. చిన్నప్పుడు సద్ది గిన్నె కోసం ఆ కిటికీ దగ్గర ఎదురుచూసేదట. "దీపం అప్పజెప్పంగనే నడుము తేలికయితది బిడ్డా అనేటోడు మా బాపు. చావంటే గంతే కదనే? అప్పజెప్పుడు, ఇంటికి పోవుడు."

ఖమ్మంలో అచ్చు వేయించాం. హైదరాబాదులో పూజా సామగ్రి, జాతకాల పుస్తకాలు అమ్మే ఒక దుకాణదారు కట్టంతా తిరగేసి తెగ మెచ్చుకున్నాడు. ఆఖరికి, "ఆ ఒక్కటీ తీసేయండి మేడమ్, మిగతావి ఎన్ని వేసినా నేనే తీసుకుంటా. చావును ఎవరైనా డబ్బాలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోతారా?" అన్నాడు.

"ఆ ఒక్కటి తీస్తే మిగిలినయన్నీ అబద్ధాలైతయ్" అని ఆవిడ కట్ట సర్దుకుని లేచింది. అట్టపెట్టెలన్నీ ఆవిడ మంచం కిందికి చేరాయి. వాటి పైనే పడుకుని, వాటినే చూస్తూ లేచేది. వారం తిరిగేసరికి గొడుగు ఊపుకుంటూ నా దుకాణానికి వచ్చింది. "దుకాణపోళ్ళు తీసుకోకుంటే సంత లేదా? బ్యానర్ కొట్టు" అంది. తనే చెప్పి రాయించింది: 'ఇచ్చట పత్తాలు దొరుకును'.

పెద్ద అక్షరాలతో ఆ బ్యానర్ సంతలో కట్టిన కాసేపటికే పోలీసు వచ్చాడు. అప్పుడే మా ఊరికి కొత్తగా వచ్చిన కుర్ర కానిస్టేబుల్, లాఠీతో సహా.

"ఏంది మేడం గిది? బాజాప్తా బోర్డు పెట్టి పేకాట నడుపుతున్నరా?"

"పేకాట కాదు బిడ్డా. కూసో. ఒక్క పత్తా తియ్యి."

పత్తాలోళ్ళను పట్టుకున్నారంటూ సంతంతా గుప్పుమంది. కూరగాయలు వదిలేసి మరీ జనం వచ్చి పడ్డారు. అంతమంది చూస్తుండగా వెనక్కి తగ్గడం నామోషీ అనుకున్నాడేమో, అతను ఒక ముక్క లాగాడు. దీపం పత్తా! కింద 'చావు' అని నేను పెట్టిన అక్షరాలు. అతని ముఖం పాలిపోయింది. జనంలో ఒకావిడ "అయ్యో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

టీచర్ అతని ముఖం చూడలేదు. ముక్క పట్టుకున్న చేతుల్ని చూసింది. "ఎన్నడు పోయినవ్ బిడ్డా ఇంటికి?"

అతను ఎవరికీ వినపడకూడదన్నట్టు చెప్పాడు. "బందోబస్తు మీద బందోబస్తు మేడం. మా అమ్మకు పానం బాగలేదు. లీవు అడుగుదామంటే భయం."

"నీ షిఫ్టు ఎన్నడో అయిపోయింది. నువ్వే దీపం పట్టుకోని తిరుగుతన్నవ్. అప్పజెప్పి ఇంటికి పో. అమ్మ చేతి బువ్వ తిను."

అప్పుడు ఒక రిటైరైన కార్మికుడు జనాన్ని తోసుకుని ముందుకొచ్చి ముక్క లాక్కున్నాడు. "అరే, గిది మా లాంప్‌రూము కిటికీ! మూలకు చెక్క ఇరిగింది సుత గీసింది సూడుర్రి! చావేందిరా, గిది ఇంటికి పొయ్యే పత్తా!"

జనం గొల్లున నవ్వారు. కానిస్టేబుల్ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. మొదటి కట్ట ఆ పెద్దాయనది, రెండోది పోలీసుది. తర్వాత ఎవరు ఎవరికి ఇస్తున్నారో కూడా తెలియలేదు. ఆకు అమ్మే కుటుంబాలు, మిరపకాయల రైతులు, షిఫ్టు దిగి వస్తున్న గని మనుషులు, అందరి చేతుల్లోనూ ఆవిడ బొమ్మలే. ఎండ నెత్తికెక్కేలోపే పెట్టెలు ఖాళీ అయ్యాయి. టీచర్ ఒక ఖాళీ పెట్టె బోర్లించి దాని మీద కూర్చుని, సాసర్లో టీ పోసుకుంది. "జూసినవా? ఏ పత్తా వద్దన్నరో గదే అమ్మింది" అంది. ఆవిడ అంత గర్వంగా కూర్చోవడం నేను మళ్ళీ చూడలేదు. ఆ పెట్టె సింహాసనమైంది.

హైదరాబాదు దుకాణదారు తర్వాత తనే ఫోన్ చేశాడు. "దీపం పత్తాతో సహా తీసుకుంటవా?" అని టీచర్ అడిగి, అవునన్నాకే పంపించింది. చాలా ఊళ్ళకు వెళ్ళాయి ఆ కట్టలు. బస్సులో కండక్టర్లు తమ పత్తా మీద ఆవిడతో సంతకం పెట్టించుకునేవాళ్ళు. పరీక్షలకు ముందు, సంబంధం కుదుర్చుకునే ముందు, బదిలీ కోసం చూసేటప్పుడు జనం ముక్క తీసి చూసుకునేవాళ్ళు. మెల్లగా మా ఊళ్ళో ఎవరైనా పోతే 'దీపం అప్పజెప్పిండు' అనడం అలవాటైంది. బొమ్మ గీసినవాళ్ళు ఉంటారు, ఊరికి ఒక మాట ఇచ్చి పోయేవాళ్ళు ఎంతమంది? ఆవిడ శిష్యురాలినని చెప్పుకోవడం నాకు మించిన గొప్ప.

ఆవిడ్ని ఇంటి ముందు పడుకోబెట్టినప్పుడు, సంతలో ముక్క లాక్కున్న ఆ పెద్దాయనే ముందు వచ్చాడు. జేబులోంచి దీపం పత్తా తీసి ఆవిడ చేతుల దగ్గర పెట్టాడు. ఎవరూ అనుకుని చేసింది కాదు. ఆయన వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక మరొకరు. ఇళ్ళకు పరుగెత్తి తెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆనాటి కుర్ర కానిస్టేబుల్, ఇప్పటి మా హెడ్ కానిస్టేబుల్ తెచ్చిన ముక్క అంచులు నలిగి మెత్తబడి ఉన్నాయి. నాది ఆఖరున పెట్టాను. బంతిపూలు కనపడకుండా పరుచుకున్నాయి ఆ దీపాలు. అన్నీ ఆవిడతోపాటే వెళ్ళిపోయాయి.

మొన్న సంతకు వెళ్ళాను. కూరగాయలమ్మే ఒకావిడ బేరం లేని వేళ కట్ట తీసి, గోనెపట్టా మీద ముక్కలు పరుచుకుంటోంది. కల్లం, ఇప్పపూలు, వరద, కండక్టర్. చివరి ముక్క దాకా తిప్పి చూసినా దీపం కనపడలేదు. పక్కనామెను అడిగితే వాళ్ళింట్లోనూ అంతేనంది. ఇద్దరూ నా వైపు చూశారు. ఆ ఒక్కటీ మళ్ళీ అచ్చు వేయనా అని అడిగాను.

"వద్దు తియ్యి" అని కూరగాయలావిడ నవ్వుతూ ముక్కలు కలపడం మొదలుపెట్టింది. "టీచరమ్మ తీస్కపోయింది. మా ఊళ్ళె ఇగ చావు పత్తా లేదు."