వెనక్కి పోయిన విండో

నాకు కోపం తొందరగా వస్తుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఊరికే రాదు కదా అని నేనంటాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఓ మేడ మీద మా సాఫ్ట్‌వేర్ ఆఫీసు. భవానీపురంలో ఒక లారీ బుకింగ్ ఆఫీసుకు మేం లినక్స్ కంప్యూటరు పెట్టాం. తెర మీద ఏ విండో పైన ఉండాలో, ఏది కింద ఉండాలో చూసే విండో మేనేజర్ అనే ప్రోగ్రాం ఒకటి అందులో ఉంటుంది. దాన్ని వాళ్లకు కావలసినట్టు మార్చింది నేనే.

నెల తిరక్కుండానే ఫిర్యాదు వచ్చింది. కంప్యూటరు బిగుసుకుపోతోంది, ఆపరేటరమ్మాయి స్విచ్ కట్టేస్తోంది, బుకింగులు పోతున్నాయి. మా బాస్ ఫోన్లోనే తేల్చేశారు. "మా ప్రోగ్రాం బానే ఉందండీ. ఆ అమ్మాయికే రావట్లేదు, మార్చుకోండి." ఈలోగా పని సరిగ్గా రాకపోతే మానెయ్యమని ఓనరు ఆమెకు శనివారం దాకా గడువిచ్చాడు.

"ఆడలేక మద్దెల ఓడంటే ఎలాగమ్మా" అన్నారు బాస్ నాతో.

"మద్దెల చేసింది నేనండీ. ఓడో కాదో నేనే చూస్తాను" అని భవానీపురం బస్సెక్కాను.

ఆ అమ్మాయి పక్కన ఒక పూట కూర్చున్నాను. సేవ్ అన్న చోట ఆమె రెండుసార్లు నొక్కింది. అన్నీ అంతే. "ఏదైనా రెండుసార్లు నొక్కాలని ఇన్‌స్టిట్యూట్‌లో చెప్పారండీ" అంది. ఆ రోజుల్లో బెజవాడలో కంప్యూటరు నేర్చుకున్నవాళ్లు సగంమంది అలాగే నొక్కేవాళ్లు. మొదటి నొక్కుకు 'ఖాయమేనా?' అని అడిగే చిన్న విండో వచ్చేది. రెండో నొక్కు పెద్ద విండో మీద పడి, అది ముందుకొచ్చి చిన్నదాన్ని కప్పేసేది. చిన్నదానికి జవాబు చెప్పేదాకా పెద్దది కదలదు. పాపం, స్విచ్ కట్టక ఏం చేస్తుంది?

ఆఫీసుకొచ్చి నాలుగు విండోలకు నాలుగు రంగులు వేసి, ఒక్కోదాన్నీ నొక్కి, ప్రతిసారీ ఏది పైకొచ్చిందో కాగితం మీద రాసుకున్నాను. రెండు రోజులకు దొరికింది. నొక్కిన విండోను పైకి లాగమని రాశాను గానీ, దాని పిల్ల విండోను ఇంకా పైన ఉంచమని రాయలేదు. తప్పు నాదే. సిగ్గేసింది.

"ఒక్కసారే నొక్కమని చెప్పెయ్యమ్మా, సరిపోద్ది" అన్నారు బాస్.

"చెప్పనండీ. పదిసార్లు నొక్కినా పనిచెయ్యాలి."

"క్లయింటు ముందు మన తప్పని ఒప్పుకుంటావా?"

"మనది కాదు, నాది. ఒప్పుకుంటాను."

శుక్రవారం సరిచేసిన ప్రోగ్రాం పట్టుకెళ్లాను. ముందు పాతదాని మీదే ఓనరును కూర్చోబెట్టి సేవ్ చెయ్యమన్నాను. ఆయనా టకటకా రెండుసార్లు నొక్కాడు. తెర కదల్లేదు. కాసేపు గొణుక్కుని స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"ఆగండి. ఈ అమ్మాయి చేసిందీ ఇదేనండీ. తప్పు నా ప్రోగ్రాంలో ఉంది" అన్నాను.

కొత్తది ఎక్కించాక ఆయన కసిగా ఎన్నిసార్లు నొక్కినా చిన్న విండో ముందునుంచి కదల్లేదు. అప్పుడాయన ఆ అమ్మాయి వైపు తిరిగి, పెద్దమనసు చేసుకున్నట్టు, "పోన్లేమ్మా, ఇకనించి తప్పు నీది కాదులే" అన్నాడు.

"ఇంతకుముందు కూడా నాది కాదండీ" అందామె.