రెండో వికెట్ కీపర్

బెల్లంపల్లిలో ఒక గని జట్టుకు నేను ఏడేళ్లు రెండో వికెట్ కీపర్‌ని. అంటే మొదటి కీపర్‌కు జ్వరం వస్తే ఆడవలసినవాడిని. ఆయనకు జ్వరం వచ్చేది కాదు.

మా జాగీరు పోయాక నాకు మిగిలిన విద్య అదొక్కటే. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో వికెట్ల వెనక గొంతుక్కూచుని బంతి పట్టడం నేర్చుకున్నాను. ముందు కరీంనగర్‌లో ఒక జట్టులో, తర్వాత సిర్పూరు వైపు ఒక మిల్లు జట్టులో చేరాను. రెండుచోట్లా నాకంటే ముందే ఒక కీపర్ ఉన్నాడు. గనివాళ్లు ఆట కోసమే గుమాస్తా పని ఇస్తామంటే సంతోషంగా వెళ్లాను. అక్కడా ఒకడున్నాడని చేరాకే తెలిసింది.

ఆదివారం పొద్దున్నే పిచ్ మీద నారపట్టా పరిచి, చుట్టూ మేకులు దిగ్గొట్టేవాడిని. ఆట మొదలయ్యాక నీళ్లు మోసేవాడిని. నా నడక చూసి మా కెప్టెన్, ఆయన గనిలో ఫోర్‌మన్, అందరికీ వినపడేలా అనేవాడు: "సూడుండ్రి, దొరవారు బోనమెత్తుకొచ్చినట్టే తెస్తుండు నీళ్లు!"

అందరూ నవ్వేవారు. నా చేతులు మొదటి కీపర్ చేతులకంటే మంచివి. ఈ మాట అప్పుడు ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆఖరికి ఒక ఫైనల్ నాడు మొదటి కీపర్ వేలు విరిగింది. పక్క గని జట్టుతో ఆట. వాళ్లకింకా నలభై పరుగులు కావాలి, మూడే వికెట్లున్నాయి. మా స్పిన్నర్ బంతి పట్టా మీద బొంగరంలా తిరుగుతోంది. ఏడేళ్లుగా నేను ఎదురుచూసింది అలాంటి గంట కోసమే. గ్లౌజులు తొడుక్కుని మైదానంలోకి నడిచాను.

మా పోటీల్లో ఒక నియమం ఉండేది. దెబ్బ తగిలినవాడి బదులు బయటినుంచి వచ్చినవాడు ఫీల్డింగ్ చేయొచ్చు. వికెట్ల వెనక నిలబడాలంటే మాత్రం ఎదుటి కెప్టెన్ ఒప్పుకోవాలి. వచ్చినవాడే స్వయంగా పోయి ఆయన్ని అడగాలి.

ఎదుటి కెప్టెన్, జాగీరు ఉన్న రోజుల్లో మా గడిలో గుర్రాలకు మేత వేసిన మనిషి కొడుకు. అప్పటికి గనిలో ఫిట్టరు. అవతలి కొసన బ్యాటు మీద ఆనుకుని నావైపే చూస్తున్నాడు. పాతిక గజాలుండదు దూరం.

"ఏం జూస్తున్నవ్? పోయి అడుగు" అన్నాడు మా కెప్టెన్.

"మీరే అడుగుండ్రి."

"ఆడేది నువ్వు, అడిగేది నేనా? గదేం రివాజయా?" మిగతావాళ్ల వైపు తిరిగాడు. "దొరవారికి మోకాళ్లు ఒంగుతయి గని నడుం ఒంగదు."

"జర జల్ది తేల్చుండ్రి" అన్నాడు అంపైర్.

నేను కదల్లేదు. మా కెప్టెన్ నా చేతులనుంచి గ్లౌజులు లాగి, జట్టులోనే ఉన్న ఇంకొకడికి ఇచ్చాడు. నన్ను బౌండరీ దగ్గరికి పొమ్మన్నాడు.

అక్కడినుంచి అంతా చూశాను. ఆ ఫిట్టరు రెండుసార్లు గీత దాటి ముందుకొచ్చి బంతిని కొట్టలేకపోయాడు. రెండుసార్లూ వెనకున్నవాడి చేతుల్లోంచి బంతి జారిపోయి స్టంపింగ్ తప్పింది. ఆయన చివరిదాకా నిలిచి వాళ్లను గెలిపించాడు.

ఆట అయ్యాక నేను పట్టా మేకులు పీకుతుంటే ఆ ఫిట్టరు నా దగ్గరికి వచ్చాడు.

"చిన్నదొరా, ఎందుకడగలే?"

"అడిగితే ఏమందువు?"

"ఏమంట? సరే అంట." నవ్వాడు. "సెలవులకొచ్చినప్పుడల్ల గడిల పొద్దంత నాతోని బంతులేయించుకుంటివి. ఒక్కనాడు బ్యాటియ్యకపోతివి. నీ చేతులు నాకెరుక లేదా? నువ్వుంటె నేను మొదటిపారే అవుటు. అయినా ఒద్దంటనా?"

ఆయన అవతలి వైపు కూచుని నాలుగు మేకులు పీకి, తన వాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

వద్దంటాడనే అనుకుంటూ బౌండరీ దగ్గర ఆ గంటంతా నిలబడ్డాను. ఆ ఒక్క ఊరటా ఆయన ఉంచలేదు. వద్దనేవాడినని చెప్పి ఉంటే ఆయన్ని తిట్టుకుని ఈపాటికి మరిచిపోయి ఉండేవాడిని. మా మొదటి కీపర్ వేలు నెల తిరక్కుండా అతుక్కుంది.