పేస్టింగ్ హాలుకు కుర్చీలు వచ్చిన ఏడాది

పాశమైలారంలోని ఆ బూట్ల ఫ్యాక్టరీలో చేరిన రోజు నన్ను తీసుకెళ్లి ఆపా పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. అక్కడ అందరూ ఆమెను ఆపా అనే పిలిచేవారు, అక్కా అన్నట్టు. మేమూ, ఒడిశా నుంచి వచ్చిన అమ్మాయిలూ కూడా. నలభై దాటిన మనిషి. భర్త పోయాక ఒక్క కూతురిని పెట్టుకుని ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఉండేది. మా గది ఆ పక్క గల్లీలోనే. మా ఆయన గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాడు. పొద్దున కంపెనీ బస్సులో ఆపా ముందే ఎక్కి, తన పక్క సీటు మీద టిఫిన్ డబ్బా పెట్టి నాకోసం ఆపి ఉంచేది.

మాది పేస్టింగ్ హాలు. బూటు పైభాగానికి కింది సోలును అతికించడం మా పని. సొల్యూషన్ అని పిలిచే జిగురును చిన్న గిన్నెలో పోసుకుని, బ్రష్‌తో రెండింటి అంచులకూ పలచగా పూయాలి. కాస్త ఆరనిచ్చి, వేలికి బంకగా తగిలే సమయం చూసి నొక్కాలి. ఫ్యాను వేస్తే సొల్యూషన్ మీద పొర కట్టి, తర్వాత అతుకు ఊడిపోతుంది. కిటికీలు తెరిస్తే రోడ్డు మీద లారీల దుమ్ము వచ్చి పూత మీద పడుతుంది. అందుకని ఆ హాల్లో ఫ్యాను తిరిగేది కాదు, కిటికీ తెరుచుకునేది కాదు.

మొదటి వారం నాకు తల తిరిగింది. అన్నం ముందు కూర్చుంటే అందులోనూ ఆ తియ్యటి పెట్రోలు వాసనే వచ్చేది. "గట్లనే ఉంటది చెల్లె, జెర ఓపిక పట్టు. ముక్కుకు అలవాటైతది" అంది ఆపా. నిజంగానే అలవాటైంది. తర్వాత ఆ వాసన గురించి మేమెవరం మాట్లాడుకోలేదు.

మేం మాట్లాడుకున్నదల్లా నడుం గురించే. ఆ స్టూళ్లకు వెనక ఆనుకోవడానికి ఏమీ ఉండదు. బల్లలు మరీ కిందకు ఉండేవి. పొద్దంతా మెడ వంచుకుని కూర్చుంటే సాయంత్రానికి లేవడమే ఒక పని. బస్సులో ఒకరి భుజాలు ఒకరం పిసుక్కుంటూ ఇళ్లకు వచ్చేవాళ్లం.

బూట్లు కొనే విదేశీ కంపెనీ వాళ్లు తనిఖీకి వస్తారని తెలిశాక ఫ్యాక్టరీలో హడావుడి మొదలైంది. దానికి ముందు ఒక అమ్మాయిని పిలిపించారు. పనిచేసేటప్పుడు మనుషులు ఎలా కూర్చోవాలి, బల్ల ఎంత ఎత్తుండాలి అన్నది చదువుకున్న అమ్మాయి. మంచి పిల్ల. ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని ఎక్కడ నొప్పో చూపించమంది. మెడలూ, నడుములూ, మణికట్లూ చూపించాం. టేపుతో మోకాలి ఎత్తు కొలుచుకుంది. ఉన్నంతసేపూ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకునే ఉంది. వెళ్తూ వెళ్తూ సూపర్‌వైజర్‌తో, "ఇక్కడ గాలి ఆడేలా ఏదైనా చేయాలి సార్" అంది.

ఆయన కోస్తా మనిషి. వాళ్ల నాన్న ఇక్కడి పెద్ద ప్రభుత్వ ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడట. ఎవరితోనూ గట్టిగా మాట్లాడేవాడు కాదు. "చూద్దామండి, పైవాళ్లతో చెబుతాను" అన్నాడు.

కుర్చీలు వచ్చాయి. గాలి రాలేదు.

ఆ కుర్చీల మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. వీపుకు ఆనుకునే పలక, ఎత్తు పెంచుకునే పిడి, కాళ్ల కింద వాలుగా పీట. బల్లలు కూడా ఎత్తు చేయించారు. వారం తిరిగేసరికి నా మెడ నొప్పి సగం తగ్గింది. ఆపా అయితే మొదటి రోజు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుని, "మా నిఖా నాడు గూడ గింత మంచిగ కూసుండవెట్టలే" అంది. హాలంతా నవ్వాం.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఆపా కుర్చీ ఎత్తు మార్చుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు పైకి, ఒకరోజు కిందకి. "కాళ్లు పీట మీద ఆనుతలేవు చెల్లె. జెర చూడు" అంది. వంగి చూశాను. రెండు పాదాలూ పీట మీదే ఉన్నాయి.

"ఆనినయి గద ఆపా."

"నాకు తెలుస్తలేదు మరి. తిమ్మిరి వట్టినట్టుంది. గీ కుర్చీ నాకు సరిపడతలేదు."

కొత్త కుర్చీ కాబట్టి కొత్త ఇబ్బంది అనుకున్నాం. సూపర్‌వైజర్ వచ్చి, తనే మోకాళ్ల మీద కూర్చుని పీటను ముందుకు జరిపాడు. "ఇప్పుడు ఎలా ఉందమ్మా?" అని అడిగాడు. ఆయన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక ఆపా బాగుందని చెప్పింది. ఆ తర్వాత చాలా రోజులు మేము ఆ కుర్చీతోనే కుస్తీ పట్టాం. దిండు పెట్టి చూశాం. చివరికి పాత స్టూలు అడిగి తెచ్చుకుంది. తిమ్మిరి అలాగే ఉంది.

ఒక సాయంత్రం బస్సు దిగి గల్లీలో నడుస్తున్నాం. ఆపా ఏదో చెబుతూ ముందు నడుస్తోంది. వెనక వస్తున్న కూరగాయల బండి అతను, "అమ్మా, చెప్పు ఇడిసివెట్టి పోతున్నవ్" అని కేక వేశాడు. చూస్తే ఆమె ఎడమ కాలికి చెప్పు లేదు. రోడ్డు కంకరది. అంత దూరం ఒట్టి కాలితో నడిచి కూడా ఆమెకు తెలియలేదు. మడమ పక్కన తెగి నెత్తురు వస్తోంది. ఆపా ఆ నెత్తురు వంక చూసింది, నా వంక చూసింది. నేను వెనక్కి వెళ్లి చెప్పు తెచ్చాను.

గల్లీ చివర డాక్టరు బలానికి సూదులు వేశాడు. ఇంకొకాయన షుగర్ అన్నాడు, పరీక్ష చేయిస్తే షుగర్ లేదని తేలింది. ఈలోపు వేళ్లు కూడా మొద్దుబారాయి. బ్రష్ జారి బల్ల మీద పడేది. కుర్తా గుండీలు కూతురు పెట్టాల్సి వచ్చేది. మెట్లెక్కేటప్పుడు పాదం పైకి లేవక అంచుకు తగిలి రెండుసార్లు పడింది.

ఒక సోమవారం సెలవు పెట్టి ఇద్దరం పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ ఆపాను గదిలో అటూ ఇటూ నడిపించింది. మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూసింది. తర్వాత, "ఏం పని చేస్తారు?" అని అడిగింది. అన్ని రోజుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే.

చెప్పాం. కిటికీల సంగతి అడిగింది, చేతులకు తొడుగులు ఇస్తారా అని అడిగింది. ఇచ్చేవారు, కానీ వాటితో అంచు సరిగా రాదని ఎవరం వేసుకునేవాళ్లం కాదు. అప్పుడు ఆవిడ చెప్పింది. "ఆ జిగురు ఆవిరి నరాలను తినేస్తుందమ్మా. రేపటి నుంచి ఆ హాల్లోకి వెళ్లొద్దు. ఇంకో మాట వినండి. మానేశాక కూడా కొన్ని నెలలు ఇంకా ఎక్కువవుతున్నట్టే ఉంటుంది. తర్వాత మెల్లగా తగ్గాలి. పూర్తిగా తగ్గుతుందని మాత్రం నేను చెప్పలేను."

వచ్చేటప్పుడు బస్సులో ఆపా కిటికీ బయటకు చూస్తూ కూర్చుంది. పటాన్‌చెరు దాటాక అడిగింది. "నువ్వు గూడ గదే వాసన వట్టినవ్ గద చెల్లె. నీకేమన్న ఉన్నదా?"

లేదని చెప్పాను. అప్పటికి పది రోజులుగా నా కాలి బొటనవేళ్లలో చీమలు పాకుతున్నట్టు ఉండేది. ఆ మాట ఆమెకే కాదు, మా ఆయనకు కూడా చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం.

మర్నాడు ఆపా సూపర్‌వైజర్‌ను ప్యాకింగ్‌కు మార్చమని అడిగింది. ఆయన వెంటనే మార్చాడు. కానీ ప్యాకింగ్ ఉన్నది ఆ హాలు మూలనే. మధ్యలో అడ్డుగా రేకు ఉంది, అది పైకప్పు దాకా లేదు. నేను ఆయన్ను పక్కకు పిలిచి డాక్టరమ్మ అన్నదంతా చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. "ఈ మాట హాల్లో అనకండమ్మా, అందరూ కంగారు పడతారు. నేను పైన చెప్పాను. మళ్లీ చెబుతాను" అన్నాడు. చెప్పి ఉంటాడనే నా నమ్మకం. పైనుంచి వచ్చింది మాత్రం ఒక పోస్టరు. నిటారుగా కూర్చోవాలని బొమ్మ.

ఆపా ఒక మధ్యాహ్నం అట్టపెట్టెల మీద పడి, లేవలేకపోయింది. నలుగురం పట్టుకుని బయటకు మోసుకొచ్చాం. ఆ తర్వాత ఆమె పనికి రాలేదు.

అప్పుడు నేను క్యాంటీన్‌లో అందరి ముందూ మాట్లాడాను. ఎవరి కాళ్లలో తిమ్మిరి ఉందో చెప్పమన్నాను. ఒక చెయ్యి లేచింది, ఇంకొకటి లేచింది. నాది కూడా ఎత్తాను. మర్నాడు పొద్దున పనిలో కూర్చోకూడదని అనుకున్నాం. ఒడిశా అమ్మాయిల్లో పెద్దది, "హమ్ భీ, దీదీ" అంది, మేమూ మీతోనే అని.

పొద్దున గంట మోగాక మా కుర్చీల పక్కన నిలబడ్డాం. సగానికి పైగానే నిలబడ్డాం. మేనేజరు వచ్చాడు. అతను అరవలేదు. బాధపడ్డట్టుగా మాట్లాడాడు. "ఈ చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీలో ఇట్లాంటి కుర్చీలున్నయో చూపించండి. మీ నడుం నొప్పులని మేం ఇంత చేస్తే మీరు గిట్ల నిలబడతరా?"

"కుర్చీలు మంచిగనే ఉన్నయి సార్" అన్నాను. "మాకు గాలి కావాలె. గిన్నెలకు మూతలు కావాలె. గా ఆవిరిని బయటికి గుంజే గొట్టాలు పెట్టుండ్రి. ఆపా మళ్ల నడుస్తదో లేదో మాకు తెల్వది."

"ఆమెకు మొదటి నుంచే ఆరోగ్యం మంచిగ లేదు" అన్నాడతను. అని, కూర్చునేవాళ్లు కూర్చోవచ్చు, కూర్చోనివాళ్లు గేటు దగ్గరికి వెళ్లవచ్చు అన్నాడు.

నా వెనక కుర్చీలు కదిలిన చప్పుడు విన్నాను. తిరిగి చూడలేదు. ఎవరి ఇంట్లో ఏముందో నాకు తెలుసు. చివరికి ముగ్గురం గేటు దాకా నడిచాం. మా ముగ్గురికీ మళ్లీ లోపలికి పిలుపు రాలేదు. సూపర్‌వైజర్ గేటు దాకా వచ్చి నా టిఫిన్ డబ్బా అందించాడు.

ఆ తర్వాతి నెలలు నా జీవితంలో అన్నిటికన్నా చెడ్డవి. డాక్టరమ్మ చెప్పినట్టే జరిగింది. పని మానేశాక ఆపా కాళ్లు ఇంకా చచ్చుబడ్డాయి. గోడ పట్టుకున్నా నిలబడలేకపోయేది. ఒకరోజు పొయ్యి దగ్గర కూర్చుని రొట్టెలు చేస్తూ, కాలు పెనానికి ఆనినా తెలియక అలాగే ఉండిపోయింది. కూతురు వాసన పట్టి పరిగెత్తుకొచ్చింది. ఆ పుండు మానడానికి చలికాలం మొత్తం పట్టింది. నేను రోజూ వెళ్లి కట్టు మార్చేదాన్ని.

"పని ఇడిసిపెడితె తగ్గుతదన్నరు. ఏది?" అని అడిగేది. "నాకెందుకో ఆ డాక్టరమ్మ అబద్ధం చెప్పిందనిపిస్తది. పనిల ఉన్నప్పుడే మంచిగుంటి." ముందే చెప్పింది గదా అని నేను గుర్తుచేసేదాన్ని. రోజు రోజుకూ నా మాట మీద నాకే నమ్మకం సన్నగిల్లింది. కట్టు కట్టి ఇంటికి వచ్చి, తలుపు వేసుకుని నా బొటనవేళ్లు గోరుతో గిచ్చి చూసుకునేదాన్ని.

నా తిమ్మిరి మెల్లగా తగ్గింది. ఆపాది కొంత తగ్గింది. ఇప్పుడు కర్ర పట్టుకుని గల్లీ మలుపు దాకా వస్తుంది. పాదం నేలను రాస్తూ ఉంటుంది. వేళ్లతో గింజ ఏరలేదు, సూదిలో దారం ఎక్కించలేదు. నేను సంగారెడ్డి వైపు ఒక బట్టలు కుట్టే యూనిట్‌లో మిషన్ మీద చేస్తున్నాను. అక్కడ నడుం నొప్పి ఉంది, కిటికీలు కూడా ఉన్నాయి.

మేం గేటు దాటిన ఏడాదికి పేస్టింగ్ హాల్లో ప్రతి బల్ల పైనా ఆవిరిని లాగే గొట్టాలు పెట్టారట. గిన్నెలకు మూతలు వచ్చాయట. సొల్యూషన్ కూడా మార్చారని, కొన్ని లైన్లలో నీళ్లతో కలిపేది వాడుతున్నారని ఇంకా అక్కడే పనిచేస్తున్న ఒడిశా అమ్మాయి చెప్పింది. మేం అడిగినందుకా, కొనేవాళ్లు అడిగినందుకా అన్నది ఎవరూ చెప్పలేదు.

మొన్న వేసవిలో ఆపా నన్ను పిలిపించింది. కూతురు ఇంటర్ అయిపోయి ఇంట్లోనే ఉంటోంది. ఆ ఫ్యాక్టరీలోనే పేస్టింగ్‌కు ఆడపిల్లల్ని తీసుకుంటున్నారని తెలుసుకుని వచ్చింది.

"గొట్టాలు మంచిగ గుంజుతున్నయా చెల్లె? నువ్వు చూసినవా?" అని అడిగింది ఆపా.

"నన్ను లోపలికి రానియ్యరు గద ఆపా. విన్నదే." "పంపకు" అన్నాను.

"పంపక ఏం జెయ్యాలె? చెప్పు."

మా యూనిట్‌లో అప్పటికే అడిగి చూశాను, ఖాళీ లేదు. కూతురు మా ఇద్దరి మధ్యా కూర్చుని గోళ్లు చూసుకుంటూ ఉంది. "అమ్మీ, నేను తొడుగులు ఏసుకుంట. మాస్కు పెట్టుకుంట. నువ్వు పరేషాన్ గాకు" అంది.

ఆ సోమవారం నుంచి పిల్ల పనికి వెళ్తోంది. పొద్దున మా ఇద్దరి బస్సులూ ఒకే స్టాపులో ఆగుతాయి. ఆమె బస్సు ముందు వస్తుంది. "కాళ్లెట్ల ఉన్నయి?" అని అడుగుతాను. "మంచిగున్నయి ఖాలా" అంటుంది, పిన్నిని పిలిచినట్టు. రోజూ అడుగుతానని నవ్వుతుంది. మెట్లెక్కి లోపలికి వెళ్లిపోతుంది. సాయంత్రం ఆపా గుమ్మంలో కూర్చుని ఉంటుంది. నన్ను చూడగానే అడిగేది ఒక్కటే, పొద్దున పిల్ల బస్సెక్కేటప్పుడు సక్కగనే ఎక్కిందా అని. ఎక్కింది ఆపా అంటాను. ఇప్పటిదాకా అది నిజమే.