కొక్కి కోసం ఒక ఫోన్

చిత్తూరు మామిడి మండీలో తూకం రాసే ధర్మేంద్రకు భయం పుట్టుకతో వచ్చింది కాదు, కూతురు ధరణితో వచ్చింది. పాపకు ఏడాదిన్నర. చీర ఉయ్యాల్లో తప్ప నిద్రపోదు. మంచం మీద పండేస్తే వీధి మొత్తం లేచేట్టు ఏడుస్తుంది. పక్కింటివాణ్ణి, నా సాక్ష్యం నమ్మొచ్చు.

భార్య సుజన కాన్పయినాక ఇల్లు, ఆసుపత్రి తప్ప ఇంకోటి చూడలేదు. ఈసారి పట్టుబట్టి తలకోన అడవిలో ఒక గెస్ట్ హౌసు తన నంబరుతో బుక్ చేసేసింది. శని, ఆది, రెండు రాత్రులు. "మళ్లీ ఏదన్నా వంక పెట్టినావంటే నేనూ పాపా పోతాం, నువ్వీడనే ఉండు" అని చెప్పేసింది.

ధర్మేంద్ర వంకలు మానుకున్నాడు. భయాలు మానుకోవడం అతని చేతిలో లేదు. కోతులు, జలగలు, విరిగిపోయే పాలు, అన్నీ ఆలోచించి ఆలోచించి చివరికి అసలు ప్రమాదం కనిపెట్టాడు. ఆ గదిలో ఉయ్యాల కట్టడానికి కొక్కి ఉందా? లేకపోతే పాప నిద్రపోదు, సుజన నిద్రపోదు, ఆమె ఎదురుచూసిన రెండు రోజులూ బూడిదే. సుజన వింటే నవ్వుతుందని మండీలో నుంచే గెస్ట్ హౌసు వాచ్‌మన్ చిన్నబ్బకు ఫోన్ చేశాడు.

"అప్పా, చిత్తూరు బుకింగు, శనివారం. గదిలో పైన కొక్కి ఉండాదా?"

"ఫ్యానుండాది సార్."

"ఫ్యాన్ని నమ్మలేనప్పా. దూలానికి గట్టి కొక్కి కావల్ల. చీర నేనే తెచ్చుకుంటా."

"ఎందుకు సార్?"

"నిద్రపోయి ఏడాదిన్నరయింది. ఆ కొక్కి ఒకటుంటే అందరికీ ప్రశాంతం. మా ఇంటామెకు మాత్రం చెప్పొద్దు."

పాప అనే మాటే రాలేదని అతనికి తట్టలేదు. మన ఇళ్లల్లో పైన కొక్కి ఎందుకని ఎవరడుగుతారు?

"సార్, చిన్న వయసు మీది. ఏదున్నా మాట్లాడుకుందాం, ఆడనే కూర్చోండి" అంటుండగానే సిగ్నల్ పోయింది. చిన్నబ్బ రిజిస్టరు పట్టుకుని సిగ్నలుండే చోటికి పరిగెత్తి, అందులో ఉన్న నంబరుకు చేశాడు. అది సుజనది.

పావుగంటలో సుజన పాపను చంకనేసుకుని, చెప్పుల్లేకుండా ఆటో దిగి మండీలోకి పరిగెత్తింది. ధర్మేంద్ర బుట్టల మధ్య టీ తాగుతున్నాడు. చొక్కా పట్టుకుని, "అంత కష్టమేమొచ్చింది? నాతో చెప్పకూడదా?" అని ఏడ్చింది.

"కొక్కి సంగతి నీకెవరు చెప్పినారు?" అన్నాడు అతను బిత్తరపోయి.

ఏడుపు రెండింతలయింది. మండీలో తూకాలన్నీ ఆగిపోయాయి.

విషయం తేలినాక సుజన ముందు అతని వీపున ఒకటి చరిచింది. తర్వాత కళ్లు తుడుచుకుని, స్పీకరు పెట్టి చిన్నబ్బకు ఫోన్ చేసింది. "అన్నా, ఉయ్యాలకంట. పాపకు."

"ఓర్నాయనో! నా గుండె ఆగినంత పనయిందమ్మా. ఈడ దూలానికి కొక్కి గిక్కి లేదు. నేను నా మనవరాల్ని కాళ్లమీద పండేసుకుని ఊపుతా."

ధర్మేంద్ర ముఖం పాలిపోయింది. "కొక్కి లేదంట. అయితే వచ్చే నెల..."

"నీకు కాళ్లుండాయి గదా" అంది సుజన.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి, కాళ్లు చాపి, పాపను వాటిమీద వేసుకుని ఊపడం మొదలుపెట్టాడు. రెండు రోజులు పాప గెలిచింది. శుక్రవారం ఏడుపు వినబడకపోతే ఏమయిందోనని తొంగిచూశాను. పాప నోరు తెరుచుకుని నిద్రపోతోంది. కాళ్లు తిమ్మిరెక్కి, కదిలితే లేస్తుందేమోనని ఊపిరి బిగబట్టి, ధర్మేంద్ర కళ్లతోనే సుజనను పిలుస్తున్నాడు.

సుజన చూడలేదు. లోపల బ్యాగు సర్దుకుంటోంది.