గున్నకు గాలి కొట్టిన వారం

మా వంశంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేను. ఆ రోజుల్లో నాకది గౌరవం కంటే బాధ్యతగానే తోచేది. బంధువుల ఇళ్లలో మిక్సీ ఆగినా, బోరు మోటారు నీళ్లు తోడకపోయినా కబురు నాకే వచ్చేది. చదివింది మెకానికల్ ఇంజనీరింగ్ కనుక, తెలియదని చెప్పడం పట్టాకే అవమానమని నమ్మేవాణ్ణి. (ఏ యంత్రాన్ని ముట్టుకునే ముందైనా రికార్డు పుస్తకం తెరిచి "ఉద్దేశం", "పరికరాలు" అని రెండు శీర్షికలు రాసేవాణ్ణి. ఆ పని మాత్రం నాకు బాగా వచ్చు.)

పామర్రులో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం నడిపే మా మావయ్య, విజయవాడలో ఒక డాక్టరుగారి దగ్గర పాత విదేశీ మోటార్‌సైకిల్ కొన్నారు. ఏనుగుపిల్లలాంటి దాని ఆకారం చూసి వీధివాళ్లు 'గున్న' అని పేరు పెట్టారు. దాని వెనక షాక్ అబ్జార్బర్లలో గాలి ఉంటుంది; బరువెక్కగానే బండిలోని చిన్న కంప్రెసర్ తనంతట తానే ఇంకాస్త గాలి నింపి వెనక భాగాన్ని లేపుతుంది. ఆ కంప్రెసర్ కాలిపోయింది. కొత్తది ఎక్కడా దొరకలేదు. అప్పటినుంచి అత్తయ్య వెనక కూర్చోగానే గున్న కూలబడేది. (ఈ సందర్భంలో అత్తయ్య బరువు ప్రస్తావన తేవద్దని మావయ్య నన్ను ముందే హెచ్చరించారు.) ఒకసారి ఉయ్యూరు దగ్గర గతుకులో నడుం పట్టేసి ఆవిడ వారం రోజులు మంచం దిగలేదు.

"ఆదివారం బెజవాడలో మా చెల్లెలి గృహప్రవేశం. దీని మీదే వస్తా. ఈసారి కూడా నడుం పట్టిందా, సోమవారం చల్లపల్లాయనకి బండి ఇచ్చెయ్యాల్సిందే," అన్నారు అత్తయ్య. చల్లపల్లాయన బండి కొంటానని అప్పటికే రెండుసార్లు వచ్చి గున్న చుట్టూ ప్రదక్షిణ చేసి వెళ్లాడు.

మావయ్య నావైపు తిరిగి, "ఏం చేద్దామంటారు ఇంజనీరు గారూ?" అన్నారు. ఆ మాటలో వేళాకోళం లేదు. నన్ను భయపెట్టింది అదే.

కంప్రెసర్ తీసేసి, షాక్ అబ్జార్బర్లకు వెళ్లే గొట్టానికి టైరు ట్యూబుకుండే వాల్వు బిగించి, సైకిల్ పంపుతో చేత్తోనే గాలి నింపాలని నిర్ణయించాను. బుధవారానికి పని పూర్తయింది. పంపు కొట్టి, గాలి ఒత్తిడి కొలిచే పెన్నులాంటి గేజ్ పెట్టి చూస్తే ముప్పై అయిదు. గున్న ఠీవిగా లేచి నిలబడింది. మావయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. గంట తర్వాత చూశాను, ముప్పై రెండు. మరో గంటకు ఇరవై తొమ్మిది. మళ్లీ నింపాను. సబ్బునీళ్లు పూస్తే ఒక్క బుడగ రాలేదు. అయినా వాల్వు మార్చాను, గొట్టం మార్చాను. గురువారం గంటకోసారీ, అనుమానం ముదిరాక శుక్రవారం అరగంటకోసారీ కొలిచాను. ఎంత శ్రద్ధగా కొలిస్తే అంత తొందరగా దిగిపోతోంది. రికార్డులో పదకొండు పేజీలు నిండాయి. దుకాణానికి వచ్చినవారితో మావయ్య, "మావాడు పరిశోధనలో ఉన్నాడండీ," అని గొంతు తగ్గించి చెప్పేవారు.

శనివారం మధ్యాహ్నం ఓటమి ఒప్పుకోవడానికి సిద్ధమయ్యాను. అత్తయ్య వరండాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. "మావయ్యా, కంటికి కనబడని లీకేదో ఉందండీ. చల్లపల్లాయనకి కబురు..." అని పూర్తి చేయలేక, చివరిసారిగా గేజ్ పెట్టాను.

"ఏవిట్రా అల్లుడూ అదీ?" అన్నారు అత్తయ్య.

"ఏదండీ?"

"ఆ తుస్సుమన్నది. నువ్వు ఆ పుల్ల పెట్టినప్పుడల్లా అంటోంది. మూడ్రోజుల్నించీ వింటన్నా."

"పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ కాస్త గాలి వస్తుందండీ. అది మామూలే."

"కాస్తంటే? అసలు లోపల ఎంతుందేంటి?"

టైరులో అయితే ఆ కాస్త లెక్కలోకి రాదు. కానీ ఈ షాక్ అబ్జార్బర్లలో పట్టేదే గుప్పెడు గాలి. నేను రికార్డు తిరగేశాను. కొలిచిన ప్రతిసారీ మూడు తగ్గింది. రాత్రంతా కొలవకపోయినా పొద్దునకి తగ్గింది ఆ మూడే.

"లీకు చేతిలో పెట్టుకుని బండంతా వెతికావా?" అని ఆవిడ మళ్లీ చిక్కుళ్లు అందుకున్నారు. మావయ్య గోడవైపు తిరిగి చాలాసేపు దగ్గారు.

ఎన్ని పంపులకు ముప్పై అయిదు వస్తుందో రికార్డులో ఉంది కనుక, ఆదివారం ఉదయం ఉన్న గాలంతా వదిలేసి, లెక్కపెట్టి అన్నే కొట్టి, మూత బిగించి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. అయినా మనసొప్పక, చేరాక గాలి ఎంతుందో రాయమని గేజ్‌నూ రికార్డునూ మావయ్య చేతిలో పెట్టాను. సాయంత్రం గున్న తిరిగొచ్చింది. అత్తయ్య దిగి, నడుం మీద చెయ్యి వేయకుండా మెట్లెక్కి, "కాఫీ తాగుతావా అల్లుడూ?" అంటూ లోపలికి వెళ్లారు. సోమవారం చల్లపల్లాయన కూడా కాఫీ తాగి, ఉత్త చేతులతో వెళ్లాడు.

నాకిప్పుడు నలభై దాటాయి. ఆఫీసుకు బయల్దేరుతూ తాళం మూడుసార్లు లాగి చూసే అలవాటు ఇంకా పోలేదు. ఆ రికార్డు కూడా నా దగ్గరే ఉంది. పదకొండు పేజీల నా గుండ్రటి అంకెల తర్వాత, పన్నెండో పేజీలో ఆదివారానికి ఎదురుగా, అత్తయ్య దస్తూరీలో ఒక్క వరుస: "చూడలేదు. బాగానే ఉంది." ఆ పేజీని మాత్రం ఎన్నిసార్లు తీసి చూసినా ఏమీ తగ్గలేదు.