పగకు ఒక కారణం

అన్న నా డైరీ దొంగతనంగా చదివాడని మా ఇంట్లో అందరూ అనుకుంటారు. అమ్మ ఇప్పటికీ అదే అంటుంది. అన్న కూడా కాదనలేదు. నిజానికి అన్న నా డైరీ ముట్టుకోలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, అమ్మ కూరగాయలకు వెళ్ళినప్పుడు, మంచం మీద కూర్చుని, గొంతు సవరించుకుని, నేనే నాలుగు పేజీలు చదివి వినిపించాను. చదువుతున్నంతసేపూ నాకు సంతోషంగా ఉంది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అన్న ర్యాప్ పాడతాడు. పగలు బైకుల షోరూములో సర్వీసు కౌంటర్ దగ్గర కూర్చుంటాడు, సాయంత్రం నుంచి పాటగాడు. వాళ్ళు మొత్తం ఐదుగురు. ఇద్దరు కన్నడలో పాడతారు, ఒకడు ఉర్దూలో, తమిళ సరిహద్దు దగ్గరి అత్తిబెలె నుంచి వచ్చేవాడు తమిళంలో. తెలుగు మా అన్నది. అందరి పాటల్లోనూ విషయం ఒకటే: మమ్మల్ని తక్కువగా చూశారు, ఇప్పుడు చూడండి. ఆ మాటను నాలుగు భాషల్లో ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకు తీరలేదు. అందుకని సినిమా తీద్దామనుకున్నారు. ఫోన్‌తో గంటసేపు సినిమా.

అది పగ సినిమా అని మొదటిరోజే ఖాయమైంది. చిక్కపేట బజారులో టోకున నల్ల బనియన్లు, గిల్టు గొలుసులు తెచ్చారు. అట్టతో కత్తులు చేసుకున్నారు. పోస్టరు కూడా తయారైంది. ఐదుగురూ వరసగా, చలువ కళ్ళద్దాలతో, మేఘాల ముందు నిలబడి ఉన్నారు. ఎవరి మీద పగ, ఎందుకు పగ అన్నది మాత్రం ఎవరికీ తోచలేదు. ఒకరోజు మా ముందు గదిలో కూర్చుని దాని గురించే మాట్లాడుకున్నారు. వంటింట్లో టీ వడగడుతూ నేను విన్నాను.

"అమ్మను చంపేద్దాం మచ్చా. సెంటిమెంట్ వర్కౌట్ అవుతాది."

"అమ్మ వద్దు గురూ. మా అమ్మ చూస్తాది. చెప్పు తీసుకుంటాది."

"అయితే లవరు."

"ఎవురి లవరు? ఐదు మందికీ కలిపి ఒక లవరా? ఊరుకో, సుమ్మనిరప్పా."

"అక్క!" అన్నాడు మా అన్న. "అక్క అంటే అందురికీ అక్కే."

అందరూ ఒప్పుకున్నారు. అక్క చచ్చిపోవాలి. ఎట్లా, ఎవరి వల్ల అనే దగ్గర మళ్ళీ ఆగిపోయారు. నేను టీ గ్లాసులు గుమ్మం దగ్గరే కింద పెట్టి లోపలికి వచ్చేశాను. వాళ్ళ ముందు నేనెప్పుడూ నోరు తెరిచి ఎరగను. కాలేజీలో కూడా హాజరు పలికేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

వాళ్ళు వెళ్ళిపోయాక అన్న నేలమీద పడుకుని ఫ్యాను వంక చూస్తూ అడిగాడు.

"మే, నువ్వు దినామూ ఏందో రాస్తాంటావే. అందులో ఏమన్నా కథ ఉండాదా?"

నేనేం రాస్తున్నానని అంతకుముందు ఒక్క మనిషి కూడా అడగలేదు. పదో తరగతి నుంచి రాస్తున్నాను. లైబ్రరీ పుస్తకాల్లో నచ్చిన వాక్యాల కింద గీత గీయలేక, అవన్నీ డైరీలోకి ఎత్తి రాసుకునేదాన్ని. తరువాత సొంత వాక్యాలు మొదలయ్యాయి. అడిగింది ఒక్క మాటే. ఆ ఒక్క మాటకు నేను లేచి వెళ్ళి బీరువా అడుగునున్న డైరీ తెచ్చాను. చదవబోయే ముందు మాత్రం "ఎవురో ఒకామె కథ" అన్నాను. ఎవరని అన్న అడగలేదు.

ఆమె ఎవరో కాదు, మా ఇళ్ళ వరసలో పక్కింటి అక్క. అనంతపురం వైపు నుంచి పెళ్ళయి వచ్చింది. భర్త టైల్స్ పరిచే పనికి వెళతాడు. అక్క హోసూరు రోడ్డు మీద గార్మెంట్స్‌లో చెకింగ్ పని చేసేది. కుట్టి వచ్చిన చొక్కాల కాలరూ, చేతులూ కొలిచి, తేడా ఉంటే పక్కన పడేయాలి. అందుకని కొలత టేపు ఎప్పుడూ మెడలో వేలాడుతూ ఉండేది. పొద్దున్నే నలుగురు ఆడవాళ్ళతో కలిసి నడిచి వెళ్ళేది. వీధి చివర మలుపు తిరిగాక కూడా అక్క నవ్వు మాకు వినిపించేది.

మా వీధిలో అర్జీలన్నీ నేనే రాసిపెడతాను. ఎదురుగా మనిషి ఉన్నా కాగితం వంక చూస్తే సరిపోతుంది కాబట్టి ఆ పని నాకు ఇష్టం. ఒకరోజు అక్క వచ్చి, కంపెనీ ఆఫీసుకు ఒక కంప్లైంటు రాసిపెట్టమంది. వాళ్ళ సూపర్వైజరు రోజుకు రెండుమూడుసార్లు వెనకనుంచి వచ్చి ఆమె మెడలో టేపు లాగుతాడు. టేపు ఇవ్వమని అడగడు. మెడ చుట్టూ నెమ్మదిగా, వేళ్ళు ఆనిస్తూ లాగుతాడు. ఫ్లోర్ నిండా మనుషులు. ఎవరు చూసినా టేపు తీసుకుంటున్నట్లే ఉంటుంది.

కన్నడలో శ్రద్ధగా రాశాను. రెండుసార్లు చదివించుకుంది.

"బాగా రాసినావు పాపా. దీన్ని నీ దగ్గరే పెట్టుకో."

"ఇయ్యవా అక్కా?"

"ఇస్తే నన్ను పిలుస్తారు, వాన్ని పిలుస్తారు. వానికేమీ కాదు. మా ఇంటాయనకు తెలుస్తాది. తెలిస్తే నన్ను ఇంట్లో కూకోబెడతాడు. ఇంగ ఆరు నెల్లు ఓర్చుకుంటే ఫ్లోర్ మారుస్తామన్నారు. అంతదంకా ఎవురితోనూ అనాకు."

అననని చెప్పాను. ఆ రాత్రి అన్నీ డైరీలో రాసుకున్నాను. అక్క సూపర్వైజరుతో అనాలనుకుని అనలేకపోయిన మాట కూడా రాశాను. రాసుకోవడం అంటే అనడం కాదు కదా అనుకున్నాను. అన్నకు చదివి వినిపించినప్పుడు ఏమనుకున్నానో ఇప్పుడు గుర్తు చేసుకోబోతే ఏమీ తట్టదు. బాగా రాశానని అన్న అన్నాడు. అదొక్కటే గుర్తుంది.

షూటింగు ఆదివారాలు జరిగేది. వాళ్ళకు వచ్చిన పెద్ద చిక్కు, విలన్‌గా ఎవరూ ఒప్పుకోకపోవడం. వాళ్ళ పోటీల్లో ఎదురెదురుగా నిలబడి ఒకర్నొకరు పాటతో తిట్టుకుంటారు. ఓడిపోయినవాణ్ణి నెలల తరబడి ఆ తిట్టు పేరుతోనే పిలుస్తారు. అందుకని ఉత్తుత్తి దెబ్బ తినడానికి కూడా ఐదుగురిలో ఒక్కడూ సిద్ధంగా లేడు. చివరికి చిక్కపేటలో బనియన్లు అమ్మిన కొట్టులోని సేల్స్‌మన్‌ను బతిమాలి తెచ్చారు. నెమ్మది మనిషి. అక్క వేషం వేసిన అమ్మాయి మెడలో టేపు లాగే ముందు ప్రతిసారీ "సారీ అమ్మా" అనేవాడట. అతన్ని ఎవరు చంపాలన్న దగ్గర మళ్ళీ గొడవ. ఒకడు చంపితే మిగతా నలుగురూ తక్కువైపోతారు. అత్తిబెలె దగ్గర ఖాళీ సైటులో ఆ పాపం మనిషి ఒకే పగటిపూట ఐదుసార్లు చచ్చిపోయాడు. ప్రతి చావుకూ ఒక తెల్లచొక్కా, ఒక సీసా టమాటా సాసు. అన్న చెప్తుంటే అమ్మా నేనూ పడి పడి నవ్వాం.

అక్క వేషం వేసిన అమ్మాయికి హిందీ తప్ప ఏదీ రాదు. గొంతు అరువివ్వాలి. "నువ్వే" అన్నాడు అన్న. కుదరదన్నాను. బయటి శబ్దం రాకుండా మా బీరువా తలుపులు తెరిచి, పైన రగ్గులు కప్పి, లోపల ఫోను పెట్టారు. అమ్మ చీరల మధ్య తల దూర్చి నిలబడాలి. నన్నెవరూ చూడరు. అందువల్లే మాట్లాడగలిగాను. ఇంకో ఫోనులో బొమ్మ కదులుతూ ఉంటే చూసి చెప్పాలి. విలన్ టేపు లాగుతాడు, అమ్మాయి వెనక్కి తిరిగి ఏదో అంటుంది. ఏమందో ఎవరూ రాసుకోలేదు.

"ఏందో ఒకటి చెప్పు మే, పెదాలు ఆడతాండాయి."

"టేపు అడిగితే ఇస్తాను కదప్పా, మెడమీద చెయ్యి ఎందుకు?"

అది అక్క మాట. నా నోట అక్క పలికినట్లే వచ్చింది, ఆ సాగదీతతో సహా.  బీరువా బయట ఐదుగురూ కేకలు పెట్టారు. ఆ మాటనే పట్టుకుని పాట కట్టారు. రగ్గుల కింద నా చెవులు వేడెక్కిపోయాయి. తరువాత బొమ్మ ముందుకు నడిచింది. విలన్ ఆ టేపుతోనే అమ్మాయి మెడ బిగించాడు. అమ్మాయి బట్టల కుప్ప మీద పడిపోయింది. ఆ పడిపోవడానికి ఒక మూలుగు కావాలన్నారు. మూడుసార్లు మూలిగాను.

వీధిలో అందర్నీ పిలిచి బేకరీ పైన పార్టీ హాల్లో సినిమా వేస్తామని అన్న చెప్పినప్పుడు నాకు తెలివి వచ్చింది. ఆ సీను తీసేయమన్నాను.

"ఎందుకు?"

"ఆమెకు తెలిస్తే బాధపడతాది."

"ఎవురామె?"

చెప్పలేకపోయాను. ఆమె గుట్టు కాపాడాలంటే ఆమె ఎవరో ముందు చెప్పాలి.  అన్న జాలిగానే చూశాడు.

"ఆ పది నిమిషాలు తీసేస్తే మేము వాన్ని ఎందుకు చంపుతాండామో ఎవురికి తెలుస్తాది మే?"

అదీ నిజమే.

ఆదివారం పదకొండు గంటలకు హాలు కిటికీలకు దుప్పట్లు కట్టి సినిమా వేశారు. అక్క, అక్క భర్త, ఆమెతో పనికి వెళ్ళే ఆడవాళ్ళు నా వెనక వరసలో కూర్చున్నారు. పేర్లు పడుతుంటే అక్క భర్త ఈల వేశాడు. అన్నంటే ఆయనకు ఇష్టం. సినిమా మొదలైన కాసేపటికే టేపు వచ్చింది. వెనకనుంచి ఒకావిడ ఉన్నట్టుండి గట్టిగా అనేసింది.

"ఏమే, ఇది మన ఫ్లోర్ మాదిరే ఉండాదే! వాడూ ఇట్లనే గుంజుతాడు కదే నీది!"

ఎవరో ఆమెను గిల్లినట్లున్నారు, ఆగిపోయింది. అప్పుడే తెరమీద నా గొంతు పలికింది. కాదు, అక్క గొంతు. నేను కొంచెంగా తల తిప్పి చూశాను. అక్క భర్త తెర వైపు చూడటం లేదు. పెళ్ళాం వైపు చూస్తున్నాడు. ఆమె తెర వైపే చూస్తోంది, రెప్ప వేయకుండా. ఆ తరువాత యాభై నిమిషాలపాటు ఐదుగురూ కలిసి పగ తీర్చుకున్నారు. హాలంతా ఈలలు. అక్క భర్త మళ్ళీ ఈల వేయలేదు.

గొడవ ఏమీ జరగలేదు. గోడ ఇవతల నేను చెవి పెట్టి విన్నాను. గిన్నె పడిన శబ్దం కూడా రాలేదు. మరునాడు పొద్దున ఆ ఆడవాళ్ళు నలుగురూ మా ఇంటి ముందునుంచి నడిచి వెళ్ళారు. వాళ్ళలో అక్క లేదు. వారం రోజుల్లో పాట ఫోన్లలో తిరిగింది. కంపెనీ ఆఫీసువాళ్ళు అక్కను ఒకసారి పిలిపించి, ఆ సినిమా నువ్వే తీయించావా అని అడిగారట. లేదంది. కంప్లైంటు ఏమైనా ఇచ్చావా అన్నారు. లేదంది. రెండూ నిజాలే. లెక్క ప్రకారం వాళ్ళు చేయవలసింది ఏమీ లేకపోయింది.

కథ నా డైరీలోదని అన్న నోట విని, అమ్మ పక్కింటికి వెళ్ళి చెప్పి వచ్చింది. "మావాడు దీని పుస్తకం దొంగగా చదివినాడమ్మా, బుద్ధి లేనోడు." నేను అమ్మ వెనకే నిలబడి ఉన్నాను. అన్న ఆ మాట మోశాడు. నేను మోయనిచ్చాను.

అన్నకు అప్పుడు గాని ఆమె ఎవరో తెలియలేదు. తెలిశాక ఊరుకోలేకపోయాడు. నలుగుర్నీ వెంటబెట్టుకుని, అవే నల్ల బనియన్లతో, షిఫ్టు వదిలే వేళకు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళాడు. సెక్యూరిటీ లోపలికి పోనివ్వలేదు. ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడ్డారు. బయటికి వస్తున్న జనం పాట కుర్రాళ్ళను గుర్తుపట్టి చుట్టూ చేరారు, ఫోటోలు దిగారు. వాళ్ళు వెతకడానికి వెళ్ళిన మనిషి మొహం ఐదుగురిలో ఒక్కరికీ తెలియదు. తరువాత అన్న ఫోన్లో ఆ ఫోటో చూసి అక్కతో పనిచేసే ఆవిడ వేలు పెట్టి చూపించింది. అన్న భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్న పొడుగు మనిషే సూపర్వైజరు.

అన్న ఆ ఫోటో తీసేశాడు. సినిమా కూడా తీసేద్దామన్నాడు. మిగతా నలుగురూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా, అప్పటికే దాన్ని ఎవరెవరో ఎక్కించేసుకున్నారు.

అక్క భర్తకు అత్తిబెలె వైపు పని దొరికింది. ఆ పక్కనే ఇల్లు చూశాడు. ఖాళీ చేసే రోజు పొద్దున్న నేను చెప్పవలసినవి డైరీలో రాసుకున్నాను. మూడు వాక్యాలు. దొంగతనం కాదు, నేనే చదివాను, క్షమించు. బట్టీ పట్టి, గిన్నెల బకెట్టు మోసే నెపంతో లగేజీ ఆటో దగ్గరికి వెళ్ళాను. అక్క చాప చుట్టి తాడు బిగిస్తోంది. ఆమె భర్త ఇంటి యజమానికి తాళంచెవి ఇవ్వడానికి లోపలికి వెళ్ళాడు. మేమిద్దరమే ఉన్నాం. మొదటి వాక్యం నాలుక మీదకు వచ్చి అక్కడే ఉండిపోయింది. అక్క నా చేతిలోంచి బకెట్టు అందుకుని లోపల సర్దింది. సర్దుతూ, నా వైపు తిరగకుండానే, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్లు అడిగింది.

"నేను దినామూ పనికి పోతానే ఉంటి కదా పాపా. సినిమాలో నన్నెందుకు చంపేస్తిరి?"